పులుస్తుంది గానీ చెడదు

కోమలి చదువంతా ఒక గిన్నెడు పెరుగన్నం మీద నిలబడి ఉంది. తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తోందంటే తెలిసినవాళ్ళంతా ఏ మందో మాకో కనిపెడుతోందనుకున్నారు. తీరా పెరుగన్నం మీదని తెలిశాక, "దానికి పరిశోధన ఏందమ్మా, మిరపకాయ కొరుక్కోని తినేదానికి" అని నవ్వారు. నవ్వనివాడు వాళ్ళ నాయన చెంగల్రాయుడు ఒక్కడే. పుత్తూరు చుట్టుపక్కల తిరునాళ్ళకూ పెళ్ళిళ్ళకూ వంట చేసే మనిషి ఆయన. తన పెరుగన్నానికి ఆ చుట్టుపట్ల ఎంత పేరుందో ఎరిగినవాడు కనుక, కూతురు దాన్నే చదువుకు ఎంచుకోవడం ఆయనకు వింతగా తోచలేదు. న్యాయంగానే తోచింది.

ఆ చదువులో ఉన్న సంగతి చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. వేడికి పెరుగన్నంలో రెండు జాతుల బ్యాక్టీరియా పెరుగుతాయి. ఒకటి పెరుగుతో పాటు వచ్చేది. అది పెరిగేకొద్దీ పులుపు పుడుతుంది. రెండోది మనుషుల చేతుల మీద, ముక్కుల్లో, చీము పట్టిన పుండ్లలో ఉండేది. అది బాగా పెరిగితే విషం కక్కుతుంది. ఆ విషం మళ్ళీ ఉడకబెట్టినా పోదు. రెండింటికీ కావలసింది ఆ గిన్నెలోని తిండే. రేణిగుంటలో రైలు జనరల్ పెట్టె ఎక్కినవాళ్ళకు మిగతాది చెప్పనక్కర్లేదు. ముందెక్కినవాళ్ళతో పెట్టె నిండిపోతే, వెనక వచ్చినవాడు ఎంత బలశాలి అయినా ప్లాట్‌ఫారం మీద ఉండిపోవలసిందే. పెరుగు ముందే కలిపితే దాని జాతి లక్షలకు లక్షలుగా ఎక్కి కూర్చుంటుంది. పుండు జాతి తలుపు దగ్గరే ఆగిపోతుంది.

ఎంత వేడిలో, ఎంతసేపటికి, ఎవరు ఎంతమంది అవుతారో చెప్పే సమీకరణాలు కోమలి రాసింది. వాటిని కంప్యూటర్లో పెడితే తెర మీద రెండు గీతలు లేస్తాయి. పెరుగు గీత నిటారుగా లేచి పైన చదునవుతుంది. సరిగ్గా అక్కడే పుండు గీత కూడా, ఇంకా నేల మీద పాకుతుండగానే, ఆగిపోతుంది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా కోమలికి ఏదో ధైర్యం. మంచి ముందుగా వచ్చి కూర్చుంటే చాలు, చెడ్డ దానంతట అదే ఆగిపోతుందని లోకం తనకు మాట ఇచ్చినట్టు ఉండేది. చదువుకున్నవాళ్ళకు ఇట్లాంటి పిచ్చి నమ్మకాలు కాస్త ఎక్కువ.

ఈ వేసవిలో కట్టకిందపల్లెలో భారతం పెట్టారు. ఆ వైపు ఊళ్ళల్లో భారతం అంటే పుస్తకం కాదు, రోజుల తరబడి సాగే తిరునాళ్ళు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, ఆఖరి రోజు పొద్దున మట్టితో చేసిన దుర్యోధనుడి వధ, సాయంత్రం ద్రౌపదమ్మ ఎదుట నిప్పుల గుండం తొక్కడం. గుండం తొక్కుతామని కంకణం కట్టుకున్నవాళ్ళు ఆ రోజంతా పస్తుంటారు. గుండం దాటి వచ్చినవాళ్ళకు మొదటి ముద్ద చల్లటి పెరుగన్నమే పెట్టాలి, అది ఆ ఊరి ఆనవాయితీ. అది పులవకూడదు. పస్తున్నవాడి నోట్లో పుల్లటి ముద్ద పెడితే అమ్మవారికే పెట్టినట్టంటారు. వండినవాడి పరువు అక్కడితో సరి.

వంట చెంగల్రాయుడిది, పాలు పోసిన అన్నం మెదపడం చంద్రకాంతమ్మది. తెడ్డుతో మెదిపితే అన్నం ముద్దవుతుంది, చేత్తో మెదిపితే వెన్నవుతుందని ఆయన వాదన. కట్టకిందపల్లెలోనే ఉండే చంద్రకాంతమ్మ కోమలి పుట్టకముందు నుంచీ ఆయన పొయ్యిల దగ్గర అన్నం మెదుపుతూనే ఉంది. ఆ రోజు ఆమె కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. టెంకాయ కొడుతుంటే తెగి, చీము పట్టింది.

"ఈ పొద్దుకు ఒద్దులేమ్మా, కూర్చో" అన్నాడు చెంగల్రాయుడు.

"నా కొడుకు గుండం తొక్కతా ఉంటే నేను కూర్చునేదా? బాగుండాదే నీ మాట" అని ఆమె గుడ్డ విప్పింది, చెయ్యి కడుక్కుంది, అన్నం అండాలో పెట్టింది. కొడుకు మునికుమార్ తన నాలుగేళ్ళ కూతురు జోషితను చంకనేసుకుని గుండం దాటుతానని మొక్కుకున్నాడు. మనుమరాలి మొక్కున్న రోజు బొటనవేలి నొప్పిని ఎవరు పట్టించుకుంటారు? ఆయనా గట్టిగా చెప్పలేదు.

అన్నం ఆరుతుండగా ఊళ్ళో పేచీ మొదలైంది. గుండం దగ్గరికి ఏ వీధి కరగం, అంటే తలకెత్తుకునే అమ్మవారి పూలకుండ, ముందు పోవాలనేది తగువు. తిరునాళ్ళ పెద్ద యోగానంద రెండు వైపులా బతిమాలుతున్నాడు, రెండు వైపులా తిట్లు తింటున్నాడు. సాయంత్రం తొక్కవలసిన గుండం ఎప్పటికి జరుగుతుందో తెలియక, చెంగల్రాయుడు కూతురికి ఫోను చేశాడు.

"అమ్మీ, ఈడ రెండు వీధులోళ్ళు కొట్టుకుంటా ఉండారు. గుండం ఎప్పుడో ఆ దేవుడికే ఎరుక. పెరుగు ఇప్పుడే కలిపేస్తే అంతసేపు నిలుస్తుందా?"

కోమలి ల్యాబులో ఏసీ కింద ఉంది. జీవితంలో మొదటిసారి నాయన తనను వంట గురించి అడిగాడు. ఆమెకు ఎంత ముచ్చటేసిందంటే, పక్కనున్నవాళ్ళతో "మా నాయన" అని చెప్పి మరీ లెక్క వేసింది. వేడిని పుత్తూరు ఎండకు పెంచింది. గంటలు పొడిగించింది. రెండు గీతలూ ఎప్పటిలాగే లేచి, ఎప్పటిలాగే ఆగాయి.

"నిలుస్తుంది నాయనా. పులుస్తుంది గానీ చెడదు."

"పులుస్తుందా?"

"పులిస్తే ఏమైంది? చెడదంటున్నా గదా."

"సరేలే అమ్మీ" అని ఆయన ఫోను పెట్టేశాడు.

గుండం బాగా పొద్దుపోయి తొక్కారు. మునికుమార్ పాపను ఎత్తుకుని దాటాడు. పాప ఏడవలేదని, నిప్పుల మీద నవ్విందని అందరూ చెప్పుకున్నారు. పెరుగన్నం తిని ఇళ్ళకు చేరీ చేరకముందే వాంతులు మొదలయ్యాయి. పెద్దవాళ్ళు పడి లేచారు. జోషిత లేవలేదు. గుక్కెడు నీళ్ళు కూడా పిల్ల కడుపులో నిలవలేదు. ఆసుపత్రిలో సూది గుచ్చడానికి నరం దొరికేలోపే కళ్ళు తేలేసింది.

మర్నాడు అధికారులు వచ్చారు. వాంతులు మొదలైనప్పుడే ఎవరో తెలివైనవాళ్ళు మిగిలిన అన్నం ఐసు డబ్బాలో పెట్టించారు, దాన్ని తీసుకున్నారు. చంద్రకాంతమ్మ బొటనవేలి చీమును దూదికి అద్దుకుని పోయారు. అన్నంలో ఉన్నదీ పుండులో ఉన్నదీ ఒకటేనని తేలింది. కరగాల తగువు తీర్చలేకపోయిన యోగానంద ఈ తగువు మాత్రం క్షణంలో తీర్చేశాడు: "పుండు సెయ్యి తెచ్చి అమ్మోరి బువ్వలో పెట్టింది." పోలీసులు చంద్రకాంతమ్మను రెండుసార్లు పిలిచి వదిలేశారు. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. మునికుమార్ ఒక్క మాట కూడా అనకుండా పెళ్ళాన్ని తీసుకుని నగరిలోని అత్తవారింటికి పోయాడు. తిట్టి పోయి ఉంటే కొంత బాగుండేది.

"అమ్మీ, ఆమె ఎడం సేత్తో తింటా ఉండాది" అని చెంగల్రాయుడు ఫోనులో చెప్పినప్పుడు కోమలికి సరిగా అర్థం కాలేదు. వచ్చి చూసింది.

చంద్రకాంతమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. బొటనవేలు మానిపోయింది. ఆ కుడి చేతిని కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, పరాయివాళ్ళ వస్తువును దాచినట్టు. ఎడమ చేత్తో సంగటి తుంచుతోంది. ఆ చేతికి తినడం చేతకాదు, చేయవలసిన పని కూడా అది కాదు. ముద్ద జారి కంచంలో పడుతోంది. పక్కింటి ఆడవాళ్ళు చూడలేక మొహం తిప్పుకుంటున్నారు. ఎడమ చేత్తో తినడం మన ఇళ్ళల్లో పసిబిడ్డకు కూడా చెల్లదు. ఎవరైనా చూస్తే చేతి మీద ఒకటి వేసి మాన్పిస్తారు. ఈమెను మాన్పించడానికి ఎవరికి చెయ్యి వస్తుంది?

"అత్తా, కుడి చెయ్యి మానిపోయింది గదా" అంది కోమలి.

"మానింది. అది ఇంక నోటికి పనికి రాదులేమ్మా" అంది చంద్రకాంతమ్మ. చెప్పిన తీరులో ఏడుపు లేదు.

ఆ రోజు నుంచి కోమలికి వేరే పరిశోధన లేదు. ఆ చెయ్యి మళ్ళీ కంచంలో పడాలి. అంతే.

అధికారులు పంపిన అన్నాన్ని పరీక్ష చేసిన ల్యాబులో సునీల్‌కుమార్ అని కోమలితో చదివినవాడు ఉన్నాడు. అతను ఫోను చేశాడు. "నీ పెరుగన్నం లెక్క తప్పయినట్టుండాది చూసుకో. ఈ అన్నంలో పెరుగు బ్యాక్టీరియా కోట్లలో ఉండాది, పుండు బ్యాక్టీరియా కూడా కోట్లలోనే ఉండాది. నీ ప్రకారం ఒకటి నిండితే రెండోది ఆగాల గదా?"

కోమలి పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. బొటనవేలి నుంచి పడిన వాటిని పదింతలు చేసింది, వందింతలు చేసింది. పెరుగు ముందే కలిపిన అన్నంలో పుండు గీత లేవలేదు. చంద్రకాంతమ్మ నాలుగు పుండ్ల చేతులు పెట్టి మెదిపినా లేచేది కాదు. వేడి పెంచింది. లేవలేదు. చివరికి ఇంక మార్చడానికేమీ మిగలక, పెరుగును మొదట్లోంచి తీసేసి ఆఖరున కలిపింది. తెర మీద పుండు గీత ఒంటరిగా, అడ్డూ ఆపూ లేకుండా, పాలలో మెదిపిన అన్నంలో పైకి పోయింది. కొసకు పెరుగు వచ్చి పక్కన నిలబడింది. సునీల్‌కుమార్ చెప్పిన అంకెలు అచ్చంగా అవే.

ఈసారి చేతిని మార్చి చూసింది. చంద్రకాంతమ్మ చెయ్యి అసలు పడలేదనుకుంది. పాలల్లో ఉన్న కాస్త, మామూలు చేతుల మీద ఉండే కాస్త మాత్రమే వేసింది. గీత కొంచెం ఆలస్యంగా బయలుదేరి అదే చోటికి చేరింది. ఆ సాయంత్రం కరగాల తగువు తిన్న గంటలు ఆ ఆలస్యం కంటే ఎక్కువ. అంటే చెయ్యి కాదు. కోమలి గబుక్కున లేచి నిలబడింది. సంతోషం లాంటిదేదో ఒంట్లో పాకింది. పట్టుమని నిమిషం కూడా నిలవలేదది. పెరుగు ఆఖరున కలిపిందెవరు?

పుత్తూరులో ఇంటికి వెళ్ళేసరికి చెంగల్రాయుడు వాకిట్లో ఊరకే కూర్చుని ఉన్నాడు. ఆ దుర్ఘటన తర్వాత ఆయన ఏ వంటా ఒప్పుకోలేదు.

"నాయనా, ఆ పొద్దు పెరుగు ఎప్పుడు కలిపినావు?"

"వడ్డించేటప్పుడు."

"ఎప్పుడూ అన్నం ఆరంగానే కలుపుతావు గదా?"

"ఎప్పుడూ అంతే. ఆ పొద్దు కలపలా. పాలు పోసి మెదిపించి మూత పెట్టినా. పెరుగు పక్కన పెట్టుకోని, గుండం అయినాక కలిపినా."

"ఎందుకు?"

చెంగల్రాయుడు కూతురి మొహంలోకి చూశాడు. ఆ చూపులో నేరం మోపడమేమీ లేదు. అదే ఆమెకు భరించరానిదైంది.

"నువ్వు పులుస్తుందంటివి గదమ్మా."

కోమలి చెప్పిన మాటలో ధైర్యమంతా ఆ పులుపులోనే ఉంది. పులుస్తుంది కాబట్టే చెడదు. పులుపే కాపలా. నాయన చెవికి అదే మాట హెచ్చరికగా చేరింది. చదువుకున్న బిడ్డ పులుస్తుందంటోంది, పస్తున్నవాళ్ళ నోట్లో పుల్లటి ముద్ద పెట్టరాదు, కాబట్టి పెరుగు ఆపుదాం అనుకున్నాడు. నలభై ఏళ్ళ వంటలో ఏనాడూ చేయని పని, బిడ్డ మాట మీద చేశాడు. తను ఫోను ఎత్తకపోయి ఉంటే ఆయన తన అలవాటు ప్రకారం కలిపేసి ఉండేవాడు. పుల్లగా ఉందని పదిమంది మూతి ముడుచుకుని ఉండేవాళ్ళు. పాప ఈపాటికి బడికి పోయేది.

"అంటే పెరుగు ముందే కలిపింటే?" అన్నాడు ఆయన.

అబద్ధం చెప్పాలని కోమలి నోరు తెరిచింది. కుదరలేదు. తల అడ్డంగానో నిలువుగానో ఆడించింది. ఆయనకు అర్థమైంది. అరచేతులు చూసుకున్నాడు.

"ఆమెకు సెప్పు" అన్నాడు. "నా పేరే సెప్పు. పోలీసోళ్ళు వస్తే రానీ. ముందు ఆ సెయ్యి కంచంలో పెట్టించు, పో."

"నా మాట వల్ల గదా నాయనా."

"నీ మాట నేను ఇన్నాను. ఇన్నోడిది తప్పు. పోమ్మా."

కట్టకిందపల్లెలో ఆటో దిగేసరికి ఎండ మండుతోంది. గుండం తవ్విన చోట బూడిద ఇంకా అట్లాగే ఉంది. కోళ్ళు దాన్ని గెలుకుతున్నాయి. చంద్రకాంతమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది. కోమలి ఆమె ఎదుట కింద కూర్చుంది. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కొక్కటే చెప్పింది. పెరుగు సంగతి, పాల సంగతి, ఫోను సంగతి, నాయన సంగతి, తన సంగతి, ఏదీ దాచలేదు. పెరుగు ముందే పడి ఉంటే నీ చేతి వల్ల ఏమీ అయ్యేది కాదంది. పెరుగు పడని ఆ అన్నంలో నీ చెయ్యి పడకపోయినా ఇదే జరిగేదంది.

చంద్రకాంతమ్మ శ్రద్ధగా వింది. వంట దగ్గర కొత్త కొలత చెబుతుంటే వినేటట్టు వింది.

"అంటే, నేను మెదపకపోయినా?"

"ఇంకెవరు మెదిపినా అంతే అత్తా. అందరి చేతుల మీదా ఉంటుంది. కాస్త తక్కువ ఉంటుంది, కాస్త ఆలస్యంగా పెరుగుతుంది. ఆ పొద్దు గుండానికి అయిన ఆలస్యానికి ఎవరి చెయ్యయినా చాలు."

"ఎవురో ఒకరి సెయ్యి."

"అవునత్తా. నీదే కానక్కర్లేదు."

ఆమె కొంగులోంచి కుడి చెయ్యి బయటికి తీసింది. ఇంక ఫర్వాలేదనుకుంది కోమలి. చంద్రకాంతమ్మ ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

"ఆ ఎవురో ఒకరు పాప నోట్లో పెట్టలేదు గదమ్మా" అంది. "నేను గదా పెట్టింది. ఇంక ఒద్దవ్వా అనింది. మూతి ఇట్ల తిప్పుకునింది. గుండం దాటినావు గదే, అమ్మోరి బువ్వ, మిగల్చరాదు, ఇంకొక్క ముద్ద అని కుక్కినా. అది కూడా మింగింది. నా మాట మీద మింగింది. నీ లెక్కలో అది యాడుండాది?"

కోమలి లెక్కలో అది ఎక్కడా లేదు. వేడి ఉంది, కాలం ఉంది, పులుపు ఉంది. మూతి తిప్పుకున్న పాప లేదు. ఏ సమీకరణంలోనూ ఆ పిల్లను పెట్టే చోటు లేదు. కోమలి ఏడ్చింది. ఓదార్చడానికి వచ్చినదాన్నని కూడా మరిచిపోయి ఏడ్చింది. చంద్రకాంతమ్మ ఎడమ చేత్తో ఆమె తల నిమిరింది.

"ఇదంతా మీ నాయనకు తెలుసునా?"

"తెలుసు."

చంద్రకాంతమ్మ నిమరడం ఆపింది. "అయ్యో" అంది. "ఎందుకు సెప్పినావమ్మా ఆయనకు? నా ఒక్కదాంతో పోయుండునే."

చెయ్యి మళ్ళీ కొంగులోకి పోయింది.

కోమలి ఇంటికి చేరేసరికి చెంగల్రాయుడు అన్నం పెట్టుకుని, తినకుండా ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. కంచం పక్కన మజ్జిగ చెంబు ఉంది.

"సెప్పినావా?"

"చెప్పినా."

"తినిందా?"

"తినింది నాయనా. నా ఎదురుగానే తినింది."

ఆయన మొహం కాస్త తేటపడింది. అన్నంలో చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"ఏ సేత్తో?"

కోమలి మజ్జిగ చెంబు అందుకుంది. చెంగల్రాయుడు కంచాన్ని పక్కకు జరిపాడు. ఇంకా ఒక్క మెతుకు కూడా ముట్టని చేతిని కడుక్కోవడానికి లేచి పెరట్లోకి వెళ్ళాడు.